బిడ్డే లేటు

డాక్టర్ కెంచప్పగారికి 'తెలియదు' అనే మాట నోట రాదు. ఏదైనా ఎప్పుడు జరుగుతుందని అడిగితే చాలు, తేదీ చెబుతారు, వారం చెబుతారు, ఆపైన గంటా నిమిషాలూ చెబుతారు. ఆయన చెప్పినట్టు జరగదు. జరగలేదని ఆయన ఒక్కసారైనా నొచ్చుకోగా నేను చూడలేదు.

బళ్ళారిలో కౌల్ బజారు వెనక సందులో ఉన్న మా ప్రసూతి ఆసుపత్రిలో ఆయన స్కానింగ్ డాక్టరు. నా పేరు రుద్రేశ్. బయట కౌంటర్లో కూర్చుని ఆయన ఇచ్చే రిపోర్టులు టైపు చేస్తాను, ఆయన చెప్పే తేదీలకు తిట్లు తింటాను. జీతం మొదటి పనికి మాత్రమే. పదకొండేళ్ళుగా రెండూ చేస్తున్నాను కాబట్టి ఆయన గురించి చెప్పే హక్కు నాకుంది.

ఒక జూన్‌లో, "గురువారం సాయంత్రం అయిదూ నలభైకి వాన" అన్నారు. గురువారం అయిదున్నరకే గొడుగు తెరిచి ఆసుపత్రి మెట్ల మీద నిలబడ్డారు. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. మెట్లు పెనంలా కాలుతున్నాయి. వచ్చేపోయే వాళ్ళు ఎండకు పట్టుకున్నాడనుకుని తలలూపి పోయారు. ఆరింటికి గొడుగు మూసి లోపలికి వచ్చారు.

"వాన రాలేదు సార్," అన్నాను.

"నా లెక్క సరే. వానే లేటు," అన్నారు.

ఇంట్లోనూ ఇదే వరస. ఆయన భార్య హొన్నమ్మగారు పొయ్యి మీద కుక్కర్ పెట్టగానే హాల్లోంచి, "ఇంగ రెండు నిమిషాల పది సెకన్లకు విజిల్" అంటారు. ఒకరోజు ఆవిడకు విసుగొచ్చి, కుక్కర్ పెట్టి పొయ్యి వెలిగించకుండా వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. పది నిమిషాలైంది, పావుగంటైంది. ఆయన గడియారం చూశారు, వంటింటి వైపు చూశారు, మళ్ళీ గడియారం చూశారు. చివరికి, "ఈ పొద్దు కుక్కర్ చానా లేటుండాది" అన్నారు. పొయ్యి వెలిగించావా అని మాత్రం అడగలేదు.

నన్నూ వదల్లేదు. "రుద్రేశా, నీ పెండ్లి వైశాఖంలో, రెండో ఆదివారం" అన్నారు. మా అమ్మ డాక్టరు మాట కదా అని నమ్మి ఇంటికి సున్నం కూడా వేయించింది. మూడు వైశాఖాలు వెళ్ళిపోయాయి, సున్నం మాసిపోయింది. నాలుగో ఏడు శుభలేఖ తీసుకుపోయి ఇస్తే, కళ్ళజోడు పెట్టుకుని రెండు వైపులా చదివి, "చూసినావా? నా లెక్క సరే. పిల్లే లేటు" అన్నారు. నా భార్య ఆ మాట ఇంకా మరిచిపోలేదు. ఆయన కనిపిస్తే నమస్కారం పెడుతుంది గానీ నవ్వదు.

ఇక అసలు సంగతి కానుపులు. నెలలు నిండాక స్కానింగ్‌లో గర్భసంచి మూతి పొడవు ఎంతుందో కొలుస్తారు. కానుపు దగ్గరపడేకొద్దీ ఆ మూతి పొట్టిదవుతూ వస్తుంది. పొడుగ్గా ఉంటే ఇంకా వ్యవధి ఉన్నట్టు, పొట్టిగా ఉంటే బట్టలు సర్దుకోవాలన్నట్టు. దాన్ని బట్టి మంచి డాక్టరు వారం అటూ ఇటూగా ఒక అంచనా చెప్పగలడు. రిపోర్టులో మిల్లీమీటర్లు మాత్రమే రాస్తాం. తేదీ రాయం. తేదీ కెంచప్పగారు నోటితో చెబుతారు, నిమిషాలతో సహా.

కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం నేరమని మా గోడ మీద పెద్ద బోర్డు ఉంది. ఎవరైనా ఆ ఊసెత్తితే కెంచప్పగారు బోర్డు వైపు వేలు చూపించి బయటికి పంపేస్తారు. "ఎవరో చెప్పొద్దన్న్యారు సర్కారోళ్ళు. ఎప్పుడో చెప్పొద్దనలే గదా," అని ఆయన వాదన. ఆ చట్టంలో ఎప్పుడు అన్న దాన్ని కూడా చేర్చి ఉంటే నా బతుకు కొంచెం సుఖంగా ఉండేది.

ఎమ్మిగనూరు సుంకన్న భార్య మహాదేవికి ఆయన "బుధవారం పొద్దున పదీ పది" అన్నారు. సుంకన్న ఆ మాట ఊరంతా చెప్పుకున్నాడు. బుధవారం పొద్దున తొమ్మిదికి ట్రాక్టరు నిండా బంధువులు దిగారు. ఊయల తెచ్చారు, కాటుక తెచ్చారు, పేరు పెట్టడానికి ఒక ముసలాయనను తెచ్చారు. పదీ పది దాటింది, పన్నెండు దాటింది. మహాదేవి మంచం మీద కూర్చుని తీరిగ్గా బొరుగుల ఉగ్గాని తింటోంది.

"ఏంది సార్ ఇది? బిడ్డ యాడ?" అన్నాడు సుంకన్న.

"నా లెక్క సరే సుంకన్నా. బిడ్డే లేటు," అన్నారు కెంచప్పగారు.

ట్రాక్టరు వెనక్కి పోయింది. మహాదేవీ ఆమె తల్లీ ఉండిపోయారు. ఆదివారం ఆడపిల్ల పుట్టింది.

అట్లా ఉండిపోయేవాళ్ళ కోసం కెంచప్పగారి ఇంటి వెనక రెండు గదులున్నాయి. ఇల్లు ఆసుపత్రికి ఆనుకునే ఉంటుంది. తప్పు తేదీ చెప్పి రప్పించినందుకు పరిహారమని మేమంతా అనుకునేవాళ్ళం. వాళ్ళకు జొన్నరొట్టెలు తట్టలేక హొన్నమ్మగారి చేతులు కాయలు కాచాయి. "ఈయన ఒగ్గ తేదీ సరిగ్గా చెప్తే నాకు వారం రొట్టెలు తప్పుతాయి రుద్రప్పా," అని నాతో ఎన్నిసార్లు అన్నదో.

తిట్లు మాత్రం నా వంతు. డాక్టర్ని తిట్టడానికి జనానికి భయం, కౌంటర్లో ఉన్నవాణ్ణి తిట్టడానికి భయం లేదు. అందుకని నేను ఏడాదికొక డైరీ పెట్టుకున్నాను. ఎవరికి ఏ తేదీ చెప్పారు, బిడ్డ నిజంగా ఎప్పుడు పుట్టింది, ఏ ఊరు, అన్నీ అందులో రాసేవాణ్ణి. తిట్లు తినేవాడు ఎన్ని రోజుల తప్పుకు తింటున్నాడో తెలుసుకుని తినాలని నా ఉద్దేశం.

పోయిన ఏడు డాక్టర్ నయన వచ్చి చేరింది. చిన్న వయసు, పెద్ద చదువు. ఆమెకు 'తెలియదు' అనే మాట బాగా వచ్చు. రోగి ఏమడిగినా ఉన్నదున్నట్టు చెబుతుంది, లేనిది చెప్పదు. మొదటి వారమే కెంచప్పగారి 'శుక్రవారం రెండూ ముప్పై అయిదు' విని, కాఫీ గ్లాసు కింద పెట్టేసి, "రుద్రేశ్, ఆయన తమాషా చేస్తున్నారా?" అని అడిగింది. లేదన్నాను. అప్పటి నుంచి ఆమె కాఫీ తన గదిలోనే తాగుతోంది.

నవంబరులో చోరనూరు నుంచి కావేరి వచ్చింది. వెంట మొగుడు సిద్ధు, అత్త దురుగమ్మ. కావేరికి ఇది రెండో కానుపు. మొదటిది సండూరు దాటాక, ఖనిజం లారీల మధ్య ఇరుక్కుపోయిన గూడ్సు ఆటోలో జరిగింది. బిడ్డ బతికింది. కావేరికి రక్తం ఆగక తొమ్మిది రోజులు పెద్దాసుపత్రిలో పెట్టారు. మళ్ళీ కానుపుకూ అట్లా కావచ్చు, అది ఆసుపత్రిలోనే జరగాలి అని అప్పుడే చీటీ రాసిచ్చారు. ఆ చీటీని దురుగమ్మ నాకు చూపించింది. ఇంకోసారి దారిలో నొప్పులొస్తే ఆ పిల్ల బతకదని చదువు రాని ఆమెకూ తెలుసు, చదివిన నాకూ అర్థమైంది.

స్కాన్ నయన చేసింది. "ముప్పై మిల్లీమీటర్లు ఉంది. ఇంకా పది పన్నెండు రోజులు పట్టొచ్చు. కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. అందుకని బళ్ళారిలోనే ఉంటే మంచిది," అంది. ప్రతి మాటా నిజమే. సిద్ధుకు అందులో 'పది పన్నెండు రోజులు' అన్నది మాత్రమే వినిపించింది.

"అయితే పోతాం మేడం. మొక్కజొన్న కోతలు నడుస్తాండాయి. అమ్మ లేకపోతే ఇంటికాడ బువ్వ చేసేవాళ్ళు గూడా ల్యారు. నొప్పులు తగల్తానే వస్తాం. మొదటి కానుపుకు పొద్దున తగిలితే రాత్రికి గదా అయింది," అన్నాడు. మా వైపు మగవాళ్ళంతా ఈ ఒక్క లెక్కా చేస్తారు. రెండో బిడ్డకు మొదటి బిడ్డంత ఓపిక ఉండదని వాళ్ళకు ఎవరూ చెప్పరు. నయన చెప్పింది కూడా. అతను అప్పటికే సంచి భుజానికి తగిలించుకున్నాడు.

వాళ్ళు గుమ్మం దాటుతుండగా కెంచప్పగారు భోజనం చేసి చెయ్యి తుడుచుకుంటూ ఎదురయ్యారు.

"ఏ ఊరప్పా?"

"చోరనూరు సార్."

"బస్సు నేరుగా ఉండాదా?"

"యాడిది సార్. రెండు మారల్ల."

ఆయన కావేరిని వెనక్కి పిలిచి, మళ్ళీ మంచం మీద పడుకోబెట్టి, మిషను రెండు నిమిషాలు పొట్ట మీద తిప్పారు. తెర వైపు చూస్తూ పెదాలు కదిపారు.

"ఎల్లుండి. మధ్యాహ్నం మూడూ నలభైకి," అన్నారు.

"మేడం పది దినాలనిరి గదా సార్?" అన్నాడు సిద్ధు.

"మేడం చూసింది పొద్దున. ఇప్పుడు మధ్యాహ్నమాయ."

సిద్ధు సంచి దించాడు. తల్లినీ పెళ్ళాన్నీ వెనక గదిలో దించి, తను కోతలకు వెళ్ళిపోయాడు. నయన ముఖం ఎర్రబడింది. నేరుగా కౌంటర్ దగ్గరికి వచ్చి, "ఈయన చెప్పే తేదీలు ఎక్కడైనా రాసి ఉన్నాయా?" అని అడిగింది. పదకొండేళ్ళుగా ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారని కాచుకుని ఉన్నాను. డైరీలన్నీ తీసి బల్ల మీద పెట్టాను.

శనివారం మధ్యాహ్నం రోగులు తక్కువ. నేను చదువుతుంటే ఆమె కంప్యూటర్‌లో ఎక్కించింది. మూడు వందల పన్నెండు కానుపులు. ఇది తీసుకుపోయి ఆయన ముందు పెట్టి, ఇక తేదీలు చెప్పడం మానమని అడగాలని ఆమె పట్టుదల. నాకూ అదే కావాలి.

"విచిత్రంగా ఉంది రుద్రేశ్," అంది కాసేపటికి. "లెక్క రానివాడు రెండు వైపులా తప్పాలి కదా? కొందరికి ముందు, కొందరికి వెనక. ఈయన ఒక్కరికి కూడా ఆలస్యంగా చెప్పలేదు. అన్నీ ముందే."

తేదీల వరసలో పెట్టి చూద్దాం, నువ్వు నొక్కు అంది. నేను తేదీల గడి అనుకుని పక్కదాన్ని నొక్కాను. పట్టీ అంతా దొర్లి ఊళ్ళ పేర్ల వరసలో నిలబడింది. తప్పయిందని సరిచేయబోతే నయన నా చెయ్యి పట్టుకుని ఆపింది.

హగరి వాళ్ళకు రెండు రోజులు ముందు, రెండు, మూడు, రెండు. ఎమ్మిగనూరుకు నాలుగు, అయిదు, నాలుగు. చోరనూరుకు ఎనిమిది, తొమ్మిది, ఎనిమిది. కౌల్ బజారు వాళ్ళకు ఒకటి, సున్నా, ఒకటి, సున్నా.

"ఇది బస్సులో కండక్టరు దగ్గరుండే ఛార్జీల పట్టీ మాదిరి ఉంది మేడం, ఊరు దూరమయ్యేకొద్దీ ఎక్కువ," అన్నాను. ఆ పట్టీ నా చేతి రాతలోనే పదకొండేళ్ళుగా నా సొరుగులో ఉంది. నేను రోజూ తెరిచి రాశాను, ఒక్కరోజు కూడా చదవలేదు. ఆ పూట నాకు నిజంగా సిగ్గేసింది.

ఇద్దరం ఆయన గదికి వెళ్ళాం. నయన కాగితం ముందు పెట్టింది. ఆయన ఊళ్ళ పేర్లు చూసి, "నా లెక్క..." అని మొదలుపెట్టి ఆగిపోయారు.

"లెక్క సరేనని నాకిప్పుడు తెలిసింది సార్," అంది నయన. "కానీ ఇది అబద్ధం కదా? నిజం చెప్పి, ఇక్కడే ఉండండి అని చెప్పొచ్చు కదా?"

"చెప్పినానమ్మా, పదేండ్లు అదే చెప్పినాను. 'సరే సార్' అనిరి, బస్సెక్కిరి. కొందరు మల్ల వచ్చిరి. కొందరు రాకపోయిరి." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఒగ దినం కోపమొచ్చి ఒగామెకు 'రేపే' అన్న్యాను. ఈడనే ఉండిపాయ. ఆ పొద్దుటి నుంచి ఇట్లనే."

"మరి మూడూ నలభై ఎందుకు?"

"మూడున్నర అంటే ఉత్త అంచనా అనుకుంటారు. మూడూ నలభై అంటే మిషన్లో కనబడిందనుకుంటారు."

వాన సంగతి కూడా అడుగుదామనుకున్నాను. అది మాత్రం ఆయన నిజంగానే తప్పు చెప్పారని నా నమ్మకం. కుక్కర్ సంగతి హొన్నమ్మగారికే వదిలేస్తున్నాను.

నయన కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. "నేను మాత్రం ఇట్లా చెప్పలేను సార్," అంది. "చెప్పొద్దులేమ్మా, నేనుండాను గదా," అన్నారాయన.

ఎల్లుండి వచ్చింది. మూడూ నలభై అయింది. సరిగ్గా మూడూ నలభై ఒకటికి దురుగమ్మ కౌంటర్ ముందు నిలబడింది.

"యాడప్పా బిడ్డ?" అంది, నేనేదో సొరుగులో దాచినట్టు.

"రేపు వస్తాదంట అవ్వా."

"రేపంట రేపు! మీ మిషన్‌కు గడియారం చూసేకి వస్తాదా, రాదా? ఆడ పైరు నిలబడి ఉండాది, ఈడ మేం కూర్చోనుండాం."

మరునాడు మూడూ నలభై ఒకటికి మళ్ళీ వచ్చింది. ఆ మరునాడూ వచ్చింది. నన్నూ నా మిషన్నూ నా వంశాన్నీ వరసగా కడిగి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని అవే తిట్లు చోరనూరులో ఉన్న సిద్ధుకు మళ్ళీ వినిపించింది. నేను డైరీలో తేదీ వేసుకుంటూ కూర్చున్నాను.

చెప్పిన తేదీ దాటిన ఏడో రోజు సిద్ధు గూడ్సు ఆటో ఒకటి తీసుకుని వచ్చాడు. కెంచప్పగారి గది వైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా నయన దగ్గరికి పోయాడు.

"మేడం, మీరు నిజం చెప్తారు. ఆ సారు మాట వినేది అయిపాయ. పిలుచుకోని పోతాండాను. నిజంగా ఎప్పుడో మీరే చెప్పండి."

కావేరిని మళ్ళీ మంచం ఎక్కించారు. నేను రిపోర్టు కోసం తలుపు దగ్గర ఉన్నాను. పద్దెనిమిది మిల్లీమీటర్లు. పద్దెనిమిదంటే ఈ రాత్రి కావచ్చు, ఇంకో నాలుగు రోజులు కావచ్చు, నయనకు తెలియదు. ఆమెకు తెలియదని నాకు తెలుసు. తెలియదని చెబితే ఆ ఆటో లారీల మధ్యకు బయలుదేరుతుందని మా ఇద్దరికీ తెలుసు. సిద్ధు ఆమె ముఖం వైపే చూస్తున్నాడు. కావేరి పైకప్పు వైపు చూస్తోంది.

నయన గొంతు సవరించుకుంది.

"రేపు," అంది. తర్వాత చాలా మెల్లగా, "పదకొండూ యాభైకి" అంది.

సిద్ధు బయటికి వెళ్ళి ఆటోవాణ్ణి పంపించేసి వచ్చాడు. వరండాలో ఇదంతా విన్న కెంచప్పగారు నా పక్కకు వచ్చి, "అంత కచ్చితంగా ఎట్లా చెప్పింది ఆ పిల్ల?" అని ఆశ్చర్యపోయారు.

రేపు పదకొండూ యాభైకి ఏమీ జరగలేదు. ఆ మరునాడు తెల్లవారి ఆరుంపావుకు కావేరి లేచి కడుపు గట్టిపడుతోందని చెప్పింది. వెనక గది నుంచి ప్రసవ గదికి నూట యాభై అడుగులు. ఆరూ యాభైకి బిడ్డ పుట్టింది, మగబిడ్డ. భయపడినట్టే రక్తం ఆగలేదు. రక్తం సీసాలు ముందే తెప్పించి పెట్టి ఉన్నాయి కాబట్టి ఎక్కించారు. నయన గంటన్నర సేపు ఆమె పక్క నుంచి కదల్లేదు. ఎనిమిదిన్నరకు బయటికి వచ్చి, నా కుర్చీలో కూర్చుని, నా కాఫీ తాగేసింది. చోరనూరు నుంచి బయలుదేరి ఉంటే అప్పటికి వాళ్ళు రెండో బస్సు కోసం సండూరులో నిలబడి ఉండేవాళ్ళు.

వాళ్ళు ఇంటికి పోయే రోజు సిద్ధు సామాను ఎక్కిస్తుంటే దురుగమ్మ కౌంటర్ దగ్గరికి వచ్చింది. నేను అలవాటుగా తల వంచుకున్నాను. ఆమె తిట్టలేదు. బిడ్డను చూపించింది. ఎత్తుకుని చూసి, నాకు తోచిన మంచి మాట ఒకటి చెప్పాలనుకున్నాను.

"అవ్వా, మా సార్ మీద కోపం పెట్టుకోవద్దు. ఆయన తేదీలు తప్పు చెప్పేది కావాలనే..."

"నాకు చెప్తాండావా?" అంది ఆమె. "ఆయప్ప ముందరే చెప్తాడని మా ఊర్లో ఆడోళ్ళకంతా తెల్సు. ఎనిమిదో తొమ్మిదో కలుపుకుంటాం. మగోళ్ళకు చెప్పం."

"తెల్సుండీ దినామూ వచ్చి నన్నెందుకు తిడితివి మరి?"

"తిట్టకపోతే నా కొడుక్కు అనుమానం రాదా? నేను కూర్చోమంటే కూర్చుంటాడా వాడు? డాక్టరు చెప్పినాడంటే కూర్చుంటాడు. డాక్టరు చెప్పినాడు, అమ్మ తిడ్తాండాది అంటే ఇంగా గట్టిగా నమ్ముతాడు." అటూ ఇటూ చూసి ముందుకు వంగింది. "మా పక్కింటి మౌనేషు పెండ్లాం వచ్చే నెల వస్తాది. కోడి కూయక ముందే లేస్తాది, పొద్దు గుంకేదాకా పనే. దానికి పన్నెండు దినాలు ముందర చెప్పమను మీ సారును. పాపం, కొన్నాళ్ళు నిద్ర పోనీ."

బయట సిద్ధు పిలుస్తున్నాడు. ఆమె బిడ్డను అందుకుని, పైట సర్దుకుని, అతనికి వినబడేటట్టు, "ఇట్లాంటి ఆసుపత్రి నేను యాడా సూడలే" అని గట్టిగా అనేసి నడిచింది. నేను కౌంటర్ దాటి వెంట వెళ్ళాను.

"అవ్వా, పన్నెండు చాలునా?" అని అడిగాను.